ఒరులెన్నిన నవల – పఠితృధర్మ విచారము

గ్రంథపఠన మనగా పఠిత తనకు రుచించిన గ్రంథమును తానే యెన్నుకొని చదువుట యని మనము సామాన్యముగా భావింతుము. నవలావిమర్శ చాలవఱకు ఈ భావనపైననే నిలిచియున్నది. రచయిత యొకడు, పఠిత యొకడు, నడుమ గ్రంథము, అంతియే. కాని లోకమున పెక్కు పర్యాయములు ఈ యిరువురి నడుమ మూడవవాడొకడు నిలిచియుండును. అతడు రచయిత కాడు, విమర్శకుడును కాడు. "దీనిని మీరు చదువవలెను" అని నవలను చేతికిచ్చువాడు. అతనిని గూర్చి మన అలంకారికులు గాని, పఠితృకేంద్రవిమర్శ నెరపిన పాశ్చాత్యులు గాని ప్రత్యేకముగా విచారించినది స్వల్పము. ఈ వ్యాసమున అతనిని నిర్దేశకు డందును. అతడు నిర్ణయించిన నవలను చదువుటను పరనిర్దిష్టపఠన మందును. ఇట్టి పఠనమునకు తనదైన ధర్మ మొకటి కలదనియు, దానిని గుర్తింపనిచో మన పాఠ్యప్రణాళికలలోని లోపమొకటి మనకు కనబడదనియు చూపుట ఇచట నా ఉద్దేశము.

ఈ విచారమునకు నాకు ఆధారమైనది గ్రంథాలయము కాదు, ఒక ఉక్కునగరము. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమున దుర్గు జిల్లాలోని భిలాయి అది. 1955 ఫిబ్రవరిలో భారత, సోవియట్ ప్రభుత్వముల నడుమ జరిగిన ఒడంబడికవలన అచట ఉక్కు కర్మాగారము వెలసినది. మొదటి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించిరి. పనికొఱకు నలుదెసలనుండి వచ్చినవారిలో తెలుగువారు, విశేషించి ఉత్తరాంధ్రమువారు, పెక్కురు. రాయపూరునుండి తిత్లాగఢ్, రాయగడ, పార్వతీపురముల మీదుగా విజయనగరము చేరు రైలుమార్గము వారికి పుట్టినింటి దారి. ఆవకాయ జాడీలును, తెలుగు పుస్తకములును ఆ దారినే వచ్చెడివి.

ఆ నగరమున స్మృతి నగర్ అను నివాసప్రాంతమునందు మా అక్కయ్య గృహము కలదు. నేను స్వరాష్ట్రమునకు దూరముగా ఒక విశ్వవిద్యాలయమున తెలుగు బోధించువాడనగుటచే సెలవులలో అచటికి పోవుట అలవాటు. అచటి తెలుగు కుటుంబములవారు పదిమంది కూడి నవలలు చదువుకొను గోష్ఠి యొకటి నడుపుచున్నారు. దానికి పేరు లేదు, చందా లేదు, అధ్యక్షుడు లేడు. ఒక వేసవిలో నన్నును అందు చేర్చుకొనిరి.

ఆ గోష్ఠి పద్ధతి యిది. ఉగాదినాడు అందఱి పేర్లును చీటీలపై వ్రాసి, ఒక గిన్నెలో వేసి, తలకొకటి తీయుదురు. ఎవరి చీటీలో ఎవరి పేరు వచ్చునో వారికొఱకు వీరు ఒక నవల నెన్నవలెను. ఏల యెన్నితిమో ముందుగా చెప్పరాదు. ఎన్నబడిన నవలను పఠిత కడదాక చదువవలెను; నచ్చలేదని నడుమ విడువరాదు. చదివిన పిదప గోష్ఠిలో మాటాడునపుడు తన యభిప్రాయమునకు ముందు మఱొకటి చెప్పవలెను: ఈ నవలను వారు నాకొఱకు ఏల యెన్నియుందురు? ఈ కడపటి నియమము మొదట నాకు బాలక్రీడవలె తోచినది. పదిమందిలోను నేనొక్కడనే ఆచార్యుడను గదా! కాని పరనిర్దిష్టపఠనమునకు గల విశేషమంతయు ఆ ప్రశ్నలోనే యున్నదని తెలియుటకు నాకు రెండు సంవత్సరములు పట్టినది.

ఒరులు నిర్ణయించిన గ్రంథమును గ్రహించుట తెలుగువారికి క్రొత్త కాదు. ఆ మాటకు వచ్చిన, మన సాహిత్యమే నిర్దేశముతో ఆరంభమైనది. పదునొకండవ శతాబ్దమున రాజరాజనరేంద్రుడు భారతశ్రవణమునందు తనకు గల ఆసక్తిని తెలిపి, ఆ యితిహాసమును తెనిగింపుమని నన్నయభట్టారకుని కోరెను. వస్తువును ఎన్నుకొన్నవాడు రాజు, కవి అంగీకరించినవాడు. శ్రోతల విషయమును ఇట్టిదే. దేవాలయ మండపమున ఏ పురాణము చెప్పింపవలెనో ధర్మకర్తయో గ్రామపెద్దయో నిర్ణయించును. శ్రోత వచ్చి కూర్చుండును. అతనికి ఎన్నిక లేదు. కాని ప్రక్కనున్నవాని నిట్టూర్పు అతనికి వినబడును, ఎదుటివాని కంటనీరు కనబడును. కథయు, కథ విను జనమును అతనికి ఒక్కసారిగా గోచరించును.

నవల ఈ సముదాయమును విడగొట్టి పఠితను ఒంటరిని చేసినదని చెప్పుట పరిపాటి. ఇది అర్ధసత్యము. కందుకూరి వీరేశలింగముగారి రాజశేఖరచరిత్రము 1878లో వివేకవర్ధని పత్రికలో వెలువడినపుడు చందాదారులు దానిని కోరి తెప్పించుకొనలేదు. పత్రికతోపాటు అది ఇంటికి వచ్చినది. (వీరేశలింగముగారు తమ రచనను వచనప్రబంధ మనిరి, నవల యను పేరు కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రిగారు పెట్టినది. పేరు పెట్టినవాడును ఒకవిధమున నిర్దేశకుడే, కాని ఆ చర్చ ఇచట వలదు.) 1906లో హైదరాబాదున కొమఱ్ఱాజు లక్ష్మణరావు ప్రభృతులు స్థాపించిన విజ్ఞానచంద్రికా మండలి చరిత్ర, శాస్త్ర గ్రంథములతోపాటు నవలలను గూడ ప్రకటించినది. తెలుగువాడు ఏమి చదువవలెనో ఆ సంపాదకులు నిర్ణయించిరి; పఠితలు ఆ నిర్ణయమును విశ్వసించిరి. గ్రంథాలయోద్యమమున ఇది మఱింత స్పష్టము. 1935లో పాతూరి నాగభూషణముగారు కాలువపై నడపిన పడవగ్రంథాలయమును తలచుకొనుడు. పడవలో నున్న పుస్తకములే పుస్తకములు. ఒడ్డున నిలిచిన రైతుకు తగిన పుస్తక మేదియో పడవలోనివాడు ఆ క్షణమున ఆలోచింపవలెను. ప్రతి పఠితకు అతని పుస్తకమును, ప్రతి పుస్తకమునకు దాని పఠితయు లభింపవలెనని ఎస్. ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన గ్రంథాలయ పంచసూత్రములలో రెండు చెప్పుచున్నవి. ఈ రెండింటికిని నడుమ వారధి పడవలోనివాడే.

పాశ్చాత్యదేశములలో ఈ పని వ్యాపారముగా మాఱినది. 1926లో అమెరికాలో ఆరంభమైన బుక్ ఆఫ్ ది మంత్ క్లబ్ నెలకొక పుస్తకమును న్యాయనిర్ణేతలచే ఎన్నించి సభ్యులకు పంపెడిది. 1936లో లండనున విక్టర్ గొలాంజ్ నెలకొల్పిన లెఫ్ట్ బుక్ క్లబ్ రాజకీయోద్దేశముతో అట్లే చేసినది. దాని పుస్తకములను చర్చించుటకు ఊరూర పఠనబృందములు వెలసినవి. ఇవి గొప్ప ప్రయత్నములు. ఐనను వీనియందు నిర్దేశకుడు పఠిత ముఖ మెఱుగడు. వేలమందికి ఒకే పుస్తకము. స్మృతి నగర్ గోష్ఠి దీనికి విపర్యయము: ఒక్కనికొఱకు ఒక్కడు. ఎన్నినవాడు ఎదుట కూర్చుండి వినుచుండును. అందుచే ఇచట పఠిత నవలను మాత్రమే కాక నవలవెనుక నున్న మనిషిని గూడ చదువవలసివచ్చుచున్నది. నాకు ఎదురైన మూడు నిదర్శనములను కొంత విస్తరముగా చెప్పెదను.

మొదటి ఉగాదికి నాకొఱకు ఎన్నబడిన నవల యద్దనపూడి సులోచనారాణిగారి సెక్రటరీ. ఎన్నిన ఆమె బొబ్బిలి ప్రాంతమునుండి 1970 దశకమున కోడలై భిలాయికి వచ్చినవారు. ఒక దోషమును ఇచట ఒప్పుకొనవలెను. 1960 దశకమున వెలువడి, తరములతరబడి పఠితలను ఆకట్టుకొని, 1976లో చలనచిత్రము గూడ నైన ఆ నవలను గుఱించి నేను తరగతిలో అనేకపర్యాయములు కాలక్షేపనవల యని చెప్పియుంటిని. దానిని చదివి యుండలేదు. చదువకయే చెప్పుట ఆచార్యులలో అరుదైన దోషము కాదు గాని, దోషము దోషమే.

నాయంతట నేనే చదివియుండినచో ఏమి చేసియుందును? పది పుటలలో నాయకుడు రాజశేఖరము ధనికుడనియు, కథ ఎచటికి పోవునో తెలిసినదనియు నిశ్చయించుకొని, నిర్ణయమునకు తగిన నిదర్శనములు ఏఱుకొని, పుస్తకము మూసియుందును. కాని ఆమె ఏల యెన్నిరి అను ప్రశ్నకు నేను సమాధానము చెప్పవలసియుండెను. కావున ప్రతి ప్రకరణముకడను ఆగి, ఇచట ఆమెకు ఏమి కనబడియుండునా యని వెదకితిని. అట్లు వెదకుచుండగా జయంతి పాత్రయందు నాకు కనబడినది ప్రణయము కాదు, జీతము. ఒక యువతి బ్రతుకుతెరువుకొఱకు ఉద్యోగములో చేరి, తన ఆత్మాభిమానమును ఆ ఉద్యోగమునందును, దాని వెలుపలను నిలుపుకొనుటకు ప్రతిదినమును చేయు చిన్న యుద్ధము. సంభాషణలు నడపుటలో రచయిత్రికి గల నేర్పును గూడ మొదటిసారిగా గమనించితిని. రెండు వాక్యములలో ఒకరి నొకరు గాయపఱచుకొనుట ఆమె పాత్రలకు చక్కగా తెలియును.

గోష్ఠిలో నేను, "జయంతి ఉద్యోగము చేయుటను నేను గమనింపవలెనని మీరు దీని నెన్నిరి" అని విన్నవించితిని. ఆమె నవ్విరి. "కాదు మాస్టారూ. ఆ పుస్తకం నేను వంటింట్లో బియ్యం డబ్బా వెనకాల దాచుకుని చదివాను. మీలాంటి పెద్దలు ఇలాంటివి చదవరని తెలుసు. చదివితే ఏమంటారో ఒకసారి వినాలని ఉండేది. ఇన్నాళ్లకి కుదిరింది."

నా ఊహ తప్పినది. ఐనను ఆ తప్పుడు ఊహయే నాచేత నవలను సరిగా చదివించినది. ఇది ఆలోచింపదగిన సంగతి. నిర్దేశకుని ఉద్దేశము నవలలో ఉండనక్కఱలేదు. పఠిత దానిని కనుగొననక్కఱయు లేదు. వెదకుట చాలును. వెదకువాడు తన అలవాటుపడిన దృష్టిని కొంతసేపు ప్రక్కన పెట్టవలసియుండును. అభినవగుప్తపాదులు రసాస్వాదమునకు చెప్పిన విఘ్నములలో తన సొంత సుఖదుఃఖములకు వశుడగుట యొకటి. పండితునకు అంతకంటె పెద్దదైన విఘ్న మొకటి కలదు: తన పూర్వనిర్ణయములకు వశుడగుట. పరనిర్దిష్టపఠనము ఆ విఘ్నమును తొలగించు ఉపాయములలో ఒకటి. సెక్రటరీ గొప్ప నవల యని నేను ఇప్పుడును అనను. రాజశేఖరము నాకు ఇప్పుడును కొయ్యబొమ్మయే. కాని తరగతిలో దానిని గుఱించి పూర్వమువలె మాటాడుట మానితిని.

రెండవ నిదర్శనము ఆమె కుమారునిది. అతడు భిలాయిలో పుట్టి, హిందీ మాధ్యమమున చదివి, కర్మాగారముననే ఉద్యోగము చేయుచున్నవాడు. తెలుగు తేటగా మాటాడును. చదువుట మాత్రము కూడబలుకుకొని చదువవలె. చీటీలో అతనికి నా పేరు వచ్చినది. అదే సంవత్సరము నాకు అతని పేరు వచ్చుట యాదృచ్ఛికము.

అతడు నాకొఱకు ఎన్నినది వినోద్ కుమార్ శుక్ల హిందీ నవల నౌకర్ కీ కమీజ్. శుక్ల 1937లో రాజనందగాఁవున జన్మించి రాయపూరున నివసించిన రచయిత. 2024 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారము ఆయనకు ప్రకటింపబడినది. 1979లో వెలువడిన ఈ నవలలో కథ చెప్పువాడు సంతూబాబు అను చిన్న గుమాస్తా. అధికారి బంగళాలో ఆదర్శసేవకునకై కుట్టించిన చొక్కా యొకటి యుండును. అది ఎవని ఒంటికి అతుకునో వాడు ఆ సేవకుడగుటకు తగినవాడు. ఆ చొక్కా సంతూబాబు ఒంటికి సరిపోవును. ఇంటి కప్పు కాఱుట, బజారునుండి కూరలు తెచ్చుట, భార్యతో చిన్నమాట, ఇట్టి సామాన్యవిషయములతోనే నవల నడచును. నడుమ నడుమ నవ్వు వచ్చును. నవ్విన పిదప సిగ్గు వేయును.

నేను అతనికొఱకు ఎన్నినది రాచకొండ విశ్వనాథశాస్త్రిగారి అల్పజీవి. 1950 దశకమున వెలువడిన ఈ నవలలోని సుబ్బయ్య గూడ చిన్న గుమాస్తాయే. అతనికి అధికారి యన్న భయము, భార్య యన్న భయము, వీథి యన్న భయము. చైతన్యస్రవంతి శిల్పపు జాడలు తెలుగు నవలలో తొలుదొలుత కనబడిన చోట్లలో ఇది యొకటి యని మనము విద్యార్థులకు బోధింతుము. ఈ నవల నెన్నుటలో నా ఉద్దేశము ఉత్తరాంధ్రపు నుడికారము అతని చెవిని పడవలెనని. గుమాస్తా సంగతి నాకు తోచనే లేదు. అతని ఉద్దేశమును గుమాస్తాను చూపుట కాదు. నేను ఈ ప్రాంతమునకు వచ్చుచు పోవుచు ఈ ప్రాంతపు రచయితను ఒక్కనినైనను చదువలేదని అక్కయ్య ద్వారా తెలిసి, కొంచెము రోషముతో ఎన్నినాడట. ఇరువురమును ఒకరి నెఱుగక ఒకరు, రెండు భాషలలో రెండు గుమాస్తాల కథలను ఇచ్చిపుచ్చుకొంటిమి.

ఈ రెండు నవలలను నేను ఒకే మాసమున చదివితిని. అల్పజీవిని నాకొఱకు కాక అతని కన్నులతో మరల చదువవలసివచ్చినది. తులనాత్మకసాహిత్యమును ఇరువది సంవత్సరములు బోధించియు ఈ రెండింటిని నేను ప్రక్కప్రక్కన పెట్టి యెఱుగను. సుబ్బయ్య భయము లోపలినుండి పుట్టి వెలుపలి ప్రపంచమును చీకటి చేయును. సంతూబాబు విషయమున భయము వెలుపల, చొక్కారూపమున, తయారై యుండును. అతడు చేయవలసినది దానిలో దూరుటయే. ఒకటి మనస్తత్త్వము, మఱొకటి కొలత. గోష్ఠిలో ఈ మాట నేననగా, కర్మాగారమున ముప్పదియేండ్లు పనిచేసి విశ్రాంతి గైకొనిన సభ్యు డొకడు, "రెండూ ఒకటే సార్, మొదట కొలత తీస్తారు, తరువాత భయం దానంతట అదే వస్తుంది" అనెను. దీనికి నాకడ సమాధానము లేదు.

ఆ యువకుడు అల్పజీవిని ఎట్లు చదివెనో చెప్పవలెను. మొదటి పది పుటలను కూడబలుకుకొని చదివి విసిగినాడు. నియమము ప్రకారము విడుచుటకు వీలులేదు. అప్పుడు తల్లి రాత్రి భోజనానంతరము ఒక్కొక్క ప్రకరణమును బిగ్గరగా చదువుటయు, అతడు వినుటయు మొదలైనది. కంటికి తెలియని మాటలు చెవికి తెలిసినవే. కొన్నిచోట్ల, "మళ్లీ చదువమ్మా" అని అడుగుచుండెనట. నలుబది దినములలో నవల ముగిసినది. ముగియునప్పటికి అతడు తానే పుటలు తిప్పి, వినిన వాక్యము ఎచట నున్నదో వ్రేలితో చూపగలిగినాడు. పురాణశ్రవణమునుండి బయలుదేరిన మన పఠనచరిత్ర ఒక ఉక్కునగరపు భోజనాలబల్లవద్ద మరల శ్రవణమునకు చేరినది. రాష్ట్రేతరాంధ్రులలో లిపి మొదట పోవును, మాట పిదప పోవును. ఈ రెండింటి నడుమ కాలము ఒక తరమో, ఒకటిన్నర తరమో. ఆ కాలములో నవలను బిగ్గరగా చదివి వినిపించువా రొకరు ఇంటనున్నచో లిపి మరల రావచ్చునని నేను ప్రత్యక్షముగా చూచితిని. ఒక్క ఇంటిలో చూచితిని. అంతకంటె ఎక్కువ చెప్పుటకు నాకు అధికారము లేదు.

మూడవ నిదర్శనము నా అపజయము. మొదటి సంవత్సరము నా చీటీలో వచ్చిన పేరు గోష్ఠిలో అందఱికంటె పెద్దవారిది. కర్మాగారపు తొలిదినములలో, ఇరువదియేండ్ల ప్రాయమున, విశాఖపట్టణమునుండి వచ్చి, కొలిమికడ పనిచేసి విరమించినవారు. నేను క్షణమాలోచింపక వారికొఱకు వేయిపడగలు ఎన్నితిని. 1934లో ఆంధ్రవిశ్వవిద్యాలయపు పోటీలో అడివి బాపిరాజుగారి నారాయణరావుతోపాటు బహుమతి పంచుకొన్న మహానవల; తెలుగువాడై పుట్టి చదువక పోరాదని నా నమ్మకము. నాలుగు మాసముల పిదప వారు దానిని చేతిసంచిలో పెట్టుకొని వచ్చి, "బాబూ, నియమం తప్పాను. నూరు పేజీల దగ్గర ఆగిపోయాను. ఇది నాకోసం ఎన్నావా, నన్ను పరీక్షించడానికి ఎన్నావా?" అని అడిగిరి.

నేను సమాధానము చెప్పలేకపోతిని. పరీక్షించుటకును కాదు, వారికొఱకును కాదు. నేను ఎవరికొఱకును ఎన్నలేదు. చీటీలో ఎవరి పేరు వచ్చినను ఆనాడు నేను వేయిపడగలనే ఎన్నియుందును.

ఇచట మన శాస్త్రసంప్రదాయము చెప్పిన మాట యొకటి జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. గ్రంథారంభమున అనుబంధచతుష్టయమును చెప్పుట మనకు ఆచారము: అధికారి, విషయము, సంబంధము, ప్రయోజనము. నాలుగింటిలో మొదటిది అధికారి. గ్రంథము ఎవనికొఱకో నిర్ణయించిన పిదపనే అందేమున్నదో చెప్పుదురు. ఇచట అధికారి యనగా యోగ్యత గలవాడని మాత్రమే అర్థము చెప్పుకొనుట చాలదు. దీనిని కోరువాడు, దీనివలన ప్రయోజనము పొందువాడు అనియు అర్థము. గురువు శిష్యుని మొగము చూచి పాఠము చెప్పును. మనము నవలలను ఎన్నునపుడు విషయమును చూచుచున్నాము, ప్రయోజనమును ఊహించుచున్నాము, అధికారిని మఱచుచున్నాము. గోష్ఠిలోని ఆ తల్లి నాకొఱకు నవల నెన్నినపుడు ఆమె చదివినది నన్ను. ఆ యువకుడును అట్లే. నేను మాత్రము సాహిత్యచరిత్రను చూచి ఎన్నితిని.

మఱుసటి సంవత్సరము చీటీలో మరల ఆ పెద్దల పేరే వచ్చినది. ఈమాఱు నేను అక్కయ్యను అడిగి, ఇతరులను అడిగి, వారు ఏ వీథిలో పెరిగిరో, ఊరు విడిచినపుడు ఏమి చదువుచుండిరో తెలిసికొంటిని. పిదప డాక్టర్ పి. శ్రీదేవిగారి కాలాతీతవ్యక్తులు పంపితిని. 1950 దశకపు చివరను వెలువడిన ఆ నవలలో విశాఖపట్టణము కలదు. ఆ యూరి అద్దెగదులును, చదువుకొను యువకులును, తన బ్రతుకు తాను చూచుకొను ఇందిరయు కలరు. రచయిత్రి 1961లోనే మరణించిరి. ఆమె చూపిన విశాఖ ఇంచుమించుగా ఆ పెద్దలు విడిచివచ్చిన విశాఖయే. నాలుగు దినములలో చదివి ఫోను చేసిరి. నవల గొప్పదా కాదా అను మాట వారు ఎత్తనే లేదు. "ఆ ఇందిర నాకు తెలుసు బాబూ" అని ఆరంభించి, ఆమె చేసినది తప్పా ఒప్పా యని అరగంట వాదించిరి. తప్పని వారి పక్షము. నేను ఇందిర పక్షమున నిలిచితిని. వాదము ఇంకను తీరలేదు.

వ్యక్తికి వ్యక్తి ఎన్నుటలో గల ఈ ధర్మము పెద్దసంస్థల కార్యమునకు ఎంతవఱకు వర్తించునో విచారింపవలసియున్నది. 1954లో ఏర్పడిన సాహిత్య అకాడమీయు, 1957లో ఏర్పడిన నేషనల్ బుక్ ట్రస్టును ఒక భాష నవలలను ఎన్ని ఇతర భారతీయభాషలలోనికి అనువదింపించుచున్నవి. ట్రస్టువారి ఆదాన్ ప్రదాన్ పుస్తకమాల ఇట్టిదే. కన్నడ పఠిత చదువవలసిన తెలుగు నవల యేది, తెలుగు పఠిత చదువవలసిన అస్సామీ నవల యేది అని నిర్ణయించు సంఘములలో మనలో కొందఱు కూర్చుండుచున్నాము. అచట మనము చర్చించునది ఏమి? ఆ భాషలో ఏది ఉత్తమమని మాత్రమే. ఏ భాషవారికి ఏది కావలెను అను ప్రశ్న అరుదుగా వచ్చును. శరత్‌బాబు నవలలను తెలుగువారికి ఏ సంఘమును నిర్దేశింపలేదు. చక్రపాణిగారును, బొందలపాటి శివరామకృష్ణగారును తెలుగు పఠితను ఎఱిగి తెనిగించిరి. శరత్తు తెలుగువాడే యని నమ్మినవారిని నేను చూచియున్నాను. అనువాదకుడును నిర్దేశకుడే; అందఱికంటె ఎక్కువ శ్రమపడు నిర్దేశకుడు. పి. వి. నరసింహారావుగారు వేయిపడగలను సహస్రఫణ్ అను పేర హిందీలోనికి తెచ్చినపుడు తెలుగు రానివారెందఱికో ఆ నవల నెన్ని యిచ్చిరి. నేను వేయిపడగలను ఎన్నినదానికిని, వారు ఎన్నినదానికిని భేద మెంత కలదో ఆ పనియొక్క పరిమాణమే చెప్పును.

ఇక పాఠ్యప్రణాళికలు. ఎం.ఏ. తరగతులకు నవలలను నిర్ణయించు సంఘములలో నేను చిరకాలము ఉంటిని. రాష్ట్రమునకు వెలుపలనున్న తెలుగు శాఖలకు వచ్చు విద్యార్థులు ఒక్క తీరువారు కారు. తెలుగుదేశమున పదునైదేండ్లు తెలుగు చదివి వచ్చువారు కొందఱు. ఖరగ్‌పూరుననో, భిలాయిలోనో, సూరతులోనో పుట్టి, ఇంటిమాట తప్ప అన్యము ఎఱుగక, వెదకికొనుచు వచ్చువారు కొందఱు. ఇరువురకును ఒకే ఆఱు నవలలు ఇచ్చుచున్నాము. రెండవ తెగవారు నూఱవ పుటకడ ఆగినపుడు వారిని సోమరు లనుకొనుచున్నాము. ఆ పెద్దలవలె సంచిలో పుస్తకము తెచ్చి ప్రశ్నించు ధైర్యము విద్యార్థికి ఉండదు. పరీక్ష కలదు గదా.

నిరుడు నేను నవలాపత్రములోని ఆఱు నవలలలో ఒకదానిని ఖాళీగా విడిచి, దానిని విద్యార్థులు చీటీలు తీసి ఒకరికొఱకు ఒకరు ఎన్నుటకు అనుమతింపవలెనని ప్రతిపాదించితిని. ఏల యెన్నియుందురను ప్రశ్నకు సమాధానముగా పఠిత నాలుగు పుటలు వ్రాయవలెను. నిర్దేశకుడు తన ఉద్దేశమును ఒక పుటలో వ్రాసి, ముద్రించిన కవరులో ముందుగానే శాఖకు ఇయ్యవలెను. తోడి ఆచార్యులు రెండు ఆక్షేపణలు తెలిపిరి. ఇరువదిమంది విద్యార్థులకు ఇరువది నవలలైనచో ప్రశ్నపత్రము ఎట్లు కూర్పవలె ననునది మొదటిది. విద్యార్థులు ఒకరికొకరు తేలికయైన నవలలనే ఎన్నుకొందు రనునది రెండవది. మొదటిదానికి ఉపాయము కలదు: ప్రశ్న అందఱికిని ఒక్కటే, నవల వేఱు. రెండవదానికి నాకడ నిశ్చితమైన సమాధానము లేదు. స్మృతి నగర్ గోష్ఠిలో ఈ మూడేండ్లలో తేలికనవల యని నేననుకొన్నది ఒక్క సెక్రటరీయే, దానిని చదువుటయే నాకు అన్నిటికంటె కష్టమైనది. ప్రతిపాదన వచ్చు విద్యాసంవత్సరమున ఒక్క పత్రమునకు, పరీక్షార్థము, అంగీకరింపబడినది. ఇతర విశ్వవిద్యాలయములలో ఇట్టి యత్నము చేసినవా రుండినచో, వారు విద్యార్థులచే ఎట్లు వ్రాయించిరో తెలుపుదురేని మా శాఖకు ఉపకరించును.